నల్లరాయి ఎర్రగా అరగాలి

"పోయిన వస్తువు వెతికిపెట్టమని వచ్చేవాళ్ళని చూశాను గానీ, ఇచ్చినదానికంటే వందరెట్లు ఖరీదైనది తిరిగొచ్చిందని గోలపెట్టేవాళ్ళని ఇదే చూడటం," అంది లీలావతి.

"గోలేటి? నాది కాదు అంటన్నాను, అంతే," అంది కుమారమ్మ.

ఎనభై ఒక్కేళ్ళ మనిషి. సింగపూర్ శివారు యూ టీలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్లో, వంటింటి బల్ల ముందు నిటారుగా కూర్చుంది. బిగించి చుట్టిన తెల్లకొప్పు, చేతిలో కాఫీ గ్లాసు. గ్లాసు వణకడంలేదు. లీలావతి ఎవరి దగ్గరైనా ముందు చూసేది చేతుల్నే. వుడ్‌లాండ్స్ సరిహద్దు చెక్‌పోస్టులో ఇరవై ఆరేళ్ళపాటు పరాయివాళ్ళ పెట్టెలు విప్పించిన మనిషి ఆమె. పదవీ విరమణ తర్వాత ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది గానీ పాత బుద్ధి పోలేదు. పెట్టె ఒకసారి చేత్తో ఎత్తితే చాలు, యజమాని చెప్పిందే లోపలుందో లేదో బరువే చెప్పేస్తుందని ఆమెకో గర్వం.

గోడ గడియారంలో పదీ ఇరవై అయింది.

"సాయంత్రం నాలుగింటికి లాయర్ ఆఫీసులో ప్రమాణపత్రం మీద అమ్మ సంతకం పెట్టాలి మేడమ్," అన్నాడు పక్కనే నిలబడ్డ కొడుకు జయరాం. "పెట్టనంటోంది. మిమ్మల్ని పిలిచింది కూడా తనే. నేను కాదు. జస్ట్ సో యు నో."

"తెలిసింది. మీరు కూర్చోండి. రాయి సంగతి మొదట్నుంచీ చెప్పండి. ఆంటీ, మీరు ఆయన తప్పు చెప్తే ఆపండి."

జయరాం చెప్పాడు. కుమారమ్మ తాత భద్రయ్య విశాఖపట్నం నుంచి మొదటి ప్రపంచయుద్ధంలో కూలీల దళంలో చేరి ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వెళ్ళాడు. టైగ్రిస్ నది ఒడ్డున పడవల్లోంచి మూటలు దించాడు, కందకాలు తవ్వాడు. అలా తవ్వుతున్నప్పుడు బొటనవేలంత నల్లరాయి ఒకటి దొరికింది. గుండ్రంగా, పొడుగ్గా, మధ్యలో నిలువునా చిల్లి, చుట్టూ గీతలు. తాయెత్తు అనుకుని మొలతాడుకి కట్టుకున్నాడు. పందొమ్మిదివందల పందొమ్మిదిలో దళం నుంచి పంపించేటప్పుడు ఇచ్చిన కాగితంలో, అతని దగ్గరున్న సామాను జాబితాలో, 'నల్లరాతి తాయెత్తు ఒకటి' అని ఇంగ్లీషులో రాసి ముద్ర వేశారు. తర్వాత సింగపూర్ రేవులో పనికొచ్చాడు. కాగితం, రాయి రెండూ ఈ ఇంటికి చేరాయి.

"అది తాయెత్తు కాదని ఎప్పుడు తెలిసింది?"

"తారాదేవి గారు చెప్పాక. సింగపూర్ తెలుగువాళ్ళ యుద్ధ జ్ఞాపకాలని ఎగ్జిబిషన్ పెట్టారు కదా, అక్కడ ముత్తాత కాగితం చూపించాను. ఆవిడకి పురాతన వస్తువుల గ్యాలరీ ఉంది. వెంటనే ఇంటికొచ్చారు. టైగ్రిస్, దాని జంట నది మధ్య ఉన్న దేశంలో నాలుగువేల ఏళ్ళ కిందట తడిమట్టి మీద దొర్లించే ముద్రట అది. అప్పట్లో సంతకం అన్నమాట. వందేళ్ళ పసుపు, నూనె పట్టేసి బొమ్మలు కనపడటంలేదు, శుభ్రం చేయించి ఇస్తానని తీసుకెళ్ళారు. చేయించాక చూస్తే చాలా అరుదైనదని తేలింది. కొనేవాళ్ళు రెడీ. కానీ ఇరాక్ నుంచి వచ్చిన వస్తువు కదా, రెండువేల మూడు యుద్ధంలో అక్కడి మ్యూజియంలో దోచుకున్నది కాదని రుజువుండాలి. మాకు ముత్తాత కాగితం ఉంది. ఈ రాయి అదేనని అమ్మ ప్రమాణం చేస్తే చాలు."

"అదే అయితే చెయ్యనా?" అంది కుమారమ్మ. "ఆ మధ్య పట్టుకొచ్చి చూపించేరు. గాజుపెట్టెలోది. చూడగానే చెప్పేను. అది మా ఇంటి రాయి కాదు."

"చూపు ఆనదు కదమ్మా నీకు. ఒక కంట్లో శుక్లం," అన్నాడు జయరాం. లీలావతి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "రెండుసార్లు పొయ్యి ఆర్పకుండా పడుకుంది మేడమ్. నన్ను మామయ్య పేరుతో పిలుస్తోంది. సోమవారం మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అక్కడ రాసిచ్చేస్తే ఇలాంటి వాటిమీద తన బదులు నేను సంతకం పెట్టొచ్చు."

గొంతు తగ్గించినంత మాత్రాన వినపడదనుకున్నాడు కాబోలు. కుమారమ్మ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టింది. "నాకు మతిపోయిందని కాగితం రాయించడానికి నాలుగు రోజులాగేడు, మంచోడే," అంది. కొడుకు తల దించుకున్నాడు. లీలావతికి ఒళ్ళు మండింది. కానీ డబ్బు వచ్చేచోట కొడుకుని అనుమానించడం ఎంత తేలికో, ముసలితల్లి మాట గుడ్డిగా నమ్మడం కూడా అంతే తేలిక. రెండూ వద్దనుకుంది.

"రాయి ఉండే చోటు చూపించండి ఆంటీ."

ఆ ఫ్లాట్లలో ప్రతి ఇంటికీ ఉండే షెల్టర్ గది అది. బాంబులు పడితే తలదాచుకోవడానికని మందపాటి కాంక్రీటు గోడలతో, ఇనుపతలుపుతో కట్టిన చిన్నగది. అందరూ పాత సామాను వేసుకుంటారు. కుమారమ్మ దేవుణ్ణి పెట్టుకుంది.

"ఇందులో ఫోన్ పలకదు. ఆ గాలి గొట్టం కింద నిలబడితే ఒక్క గీతొస్తాది. మా చెల్లితో రోజూ అక్కడి నుంచే మాటాడతాను. బయట మాటాడితే ఈడు వింటాడు," అంది కుమారమ్మ.

పటాల ముందు ఖాళీ వెండిగిన్నె. పక్కన ఒక సాన, గంధం తీసుకునే రాయి. లీలావతి వంగి చూసింది. సాన మధ్యలో గుంట పడింది. గుంట నిండా ఇటుకరంగు మరక.

"దీనిమీద కుంకుమ పడిందా?"

"కుంకుమ కాదమ్మాయ్. రాయి అరగదీస్తే వచ్చేదే అది. పైకి నల్లగుంటాది, నాలుగు చుక్కల నీళ్ళేసి రుద్దితే ఎర్రగా దిగుద్ది. అమ్మవారి రాయని తాత అందుకే వొదల్లేదు. మా ఇంట పుట్టిన ప్రతి బిడ్డకీ ఇరవై ఒకటో రోజున ఉగ్గుగిన్నెలో ఒక్క చుక్క, నుదుట బొట్టు. జపానోళ్ళు సింగపూర్ని పట్టుకున్న కాలంలో మందులేవీ దొరక్కపోతే అదే మందు. సోదాలకొస్తే మా అమ్మమ్మ కొండమ్మ ఆ రాయిని కొప్పులో పెట్టి చుట్టేసుకునేదట. నన్ను నిలబెట్టిన రాయి అది. నాకు తెలీదేటి?"

"మీకూ పెట్టారా?" అని అడిగింది లీలావతి, జయరాంని.

"పెట్టారు. నా కూతురు శాలినికి కూడా. ఎర్రబొట్టు, ఫోటో ఉంది," అన్నాడతను అయిష్టంగా.

"ఎటువైపు అరగదీసేవారు?"

"ఒకవైపే. కిందవైపు. అరిగి అరిగి ఏటవాలుగా అయిపోయింది," అంది కుమారమ్మ.

లీలావతి సాన గుంటలోంచి చిటికెడు పొడి గోరుతో గీకి కాగితంలో మడిచింది. నల్లగా ఉండి ఎర్రగా అరిగే రాయి ఏదో చెక్‌పోస్టులో పనిచేసినవాళ్ళకి తెలియకపోదు. ఇనుము నిండిన రాయి, హెమటైట్. చేతిలో పెట్టుకుంటే ఉలిక్కిపడేంత బరువు.

బరువు అనుకోగానే ఇంకో సంగతి తట్టింది.

"ఆంటీ, గాజులో గొలుసో మెరుగుకిస్తే ఏం చేస్తారు?"

"ముందు తూకం వేయించి ఇస్తాను. వొచ్చేక మళ్ళీ వేయిస్తాను. తూకం లేకుండా ఎవరిస్తారు?"

"రాయికి?"

కుమారమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఎంత తారాదేవైనా ఇంట్లో వస్తువు బయటికెళ్తోంది కదా. నాలుగు వారాల కిందట బుధవారం సెరంగూన్ రోడ్డుకెళ్ళి దానయ్య కొట్లో తూయించేను. గురువారం ఇచ్చేను. శుక్రవారం ఇంట్లో వస్తువు ఎలాగూ పంపం."

జయరాం నోరు తెరిచాడు. "నాకు చెప్పలేదేంటమ్మా?"

"నువ్వడిగేవా?"

చీటీ పోపులపెట్టెలో, మెంతుల గిన్నె కింద దొరికింది. కంసాలి దానయ్య కొట్టు పేరు, ఫిబ్రవరి తేదీ, కింద వంకర అక్షరాలతో: *నల్లరాయి ఒకటి. 20.340 గ్రా.* లీలావతి దాన్ని ఫోటో తీసి, చీటీని పర్సులో జిప్పు అరలో పెట్టుకుంది. నాలుగు వారాలుగా ఆ ఇంట్లో అందరూ ముసలావిడ జ్ఞాపకశక్తి గురించే చర్చించుకున్నారు. పోపులపెట్టె మాత్రం ఎవరూ తీయలేదు.

"ఇప్పుడు ఆ రాయి ఎక్కడుంది?"

"సైన్స్ పార్క్‌లో ప్రైవేట్ ల్యాబ్. రాయి దేనితో చేసిందో రిపోర్టు ఇవ్వడానికి," అన్నాడు జయరాం. "యజమాని అమ్మే కాబట్టి తన ఉత్తరం ఉంటే చూపిస్తారు. కానీ మేడమ్, నాలుగింటికి..."

"నాలుగింటికి నేనే వస్తాను. అందాకా ఆంటీ ఏ కాగితం మీదా సంతకం పెట్టరు."

"నాది కానిది నాదని పెట్టను. ఆ ఒక్కటీ ఎవడొచ్చినా జరగదు," అంది కుమారమ్మ.

పదకొండింటికి జయరాం ఆఫీసుకి, కుమారమ్మ రాసిచ్చిన ఉత్తరంతో లీలావతి ట్రైన్‌కి బయల్దేరారు.

*

ల్యాబ్ మూడో అంతస్తులో. పన్నెండూ ఐదుకి లీలావతి లోపల అడుగుపెట్టేసరికి రిసెప్షన్ సోఫాలో ల్యాబ్ రిపోర్టు కోసం కాలిమీద కాలేసుకుని కూర్చున్న సాయిబాబు కనిపించాడు. ఆమె చెక్‌పోస్టులో ఉండగా కింద పనిచేసినవాడే. నాలుగేళ్ళు పని నేర్చుకుని, ఐదో ఏడు ఆమె పట్టిన కేసు తన పేరుమీద రాయించుకుని, ఆరో ఏడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. తారాదేవి గ్యాలరీకి రాయి పుట్టుపూర్వోత్తరాల నివేదిక రాసింది అతనే.

"లీలక్కా, ఇంత దూరం ఎందుకొచ్చావు? ఫోన్ చేస్తే రిపోర్టు పంపేవాణ్ణి కదా."

"జయరాం గారిచ్చిన నీ రిపోర్టు దార్లో చదివాను సాయీ. పదహారు పేజీలు. భద్రయ్య ఏ ఓడెక్కాడో, ఏ రేవులో దిగాడో అంతా ఉంది. రాయి గురించి ఎంత రాశావు?"

"ఎంతేంటి?"

"మూడు లైన్లు. గ్యాలరీ వాళ్ళిచ్చిన ఫోటో చూసి రాశావు. రాయి చేత్తో పట్టుకున్నావా?"

సాయిబాబు నవ్వాడు. "నా పని కాగితాలు అక్కా. కాగితం అసలుదే. ముద్ర అసలుదే. కుటుంబం అసలుదే. ఇంకేం కావాలి?"

"అన్నీ అసలువే. అందుకే భయంగా ఉంది."

అతను ఫోన్ తీసి గబగబా ఏదో టైప్ చేసి జేబులో పెట్టుకున్నాడు. లీలావతి చూసింది. గడియారం కూడా చూసింది. పన్నెండూ పది.

ల్యాబ్ టెక్నీషియన్ కీర్తిక, పాతికేళ్ళ పిల్ల, కుమారమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఓనర్ లెటర్ ఉంది కదా ఆంటీ, కెన్ లా, చూడొచ్చు. కానీ గ్లవ్స్ వేసుకోవాలి. స్క్రాచ్ టెస్ట్ అస్సలు కుదరదు హా."

"గీత కూడా పడదు. చూసి, తూచి, వెళ్ళిపోతాను."

"తూచడం దేనికి?" అన్నాడు సాయిబాబు, వెనకే లోపలికొస్తూ.

గాజుపెట్టెలో ఫోమ్ దిండు మీద ఉంది రాయి. నల్లగా, నున్నగా, చుట్టూ ఎద్దుతలల మనుషులు, సింహాలు, ఒక చెట్టు. నాలుగువేల ఏళ్ళనాటి చెయ్యి చెక్కిన గీతలు నిన్న చెక్కినట్టున్నాయి. లీలావతికి ఒక్క క్షణం ముచ్చటేసింది. తర్వాత రెండు చివర్లూ చూసింది. పైవైపు చదునుగా ఉంది. కిందవైపు కూడా చదునుగానే ఉంది.

చేత్తో ఎత్తింది. ఆ క్షణంలోనే ఆమెకి తెలిసిపోయింది. కానీ తన చెయ్యి చెప్పింది ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

"సాయీ, ఇటు రా. కుమారమ్మ గారి రాయి ఒకవైపు ఏటవాలుగా అరిగిపోయింది. మూడు తరాల పిల్లలకి అరగదీశారు. దీనికి ఆ అరుగుదల ఎక్కడుంది?"

"శుభ్రం చేశారు కదా."

"శుభ్రం చేస్తే ఉన్న మురికి పోతుంది. లేని రాయి మొలుస్తుందా?"

"ముసలావిడ మాట పట్టుకుని... అక్కా, ఆవిడకి సోమవారం మెమరీ టెస్టు. కొడుకే చెప్పాడు. కోర్టులో ఆవిడ చెప్పే అరుగుదలకి విలువేంటి?"

"అందుకే ఆవిణ్ణి పక్కన పెడదాం. కీర్తికా, తూకం."

కీర్తిక రాయిని త్రాసు మీద పెట్టి గాజుతలుపు మూసింది. అంకెలు కదిలి ఆగాయి. 10.112.

"వచ్చిన రోజు కూడా సేమ్. మా రికార్డులో ఉంది. మెటీరియల్ సర్పెంటైన్ అనే స్టోన్ అని వచ్చింది," అంది కీర్తిక.

"సర్పెంటైన్‌ని అరగదీస్తే ఏ రంగు వస్తుంది?"

"వైట్. ఆర్ లైట్ గ్రే."

లీలావతి పర్సులోంచి కాగితం మడత తీసి విప్పింది. ఎర్రటి పొడి. పక్కన దానయ్య చీటీ పెట్టింది. సాయిబాబు చీటీ చదివాడు, తేదీ చదివాడు, త్రాసు వైపు చూశాడు. మళ్ళీ చీటీ చదివాడు.

"కంసాలి త్రాసు తప్పయి ఉండొచ్చు," అన్నాడు. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"బంగారం తూచే త్రాసు సాయీ. సగానికి సగం తప్పు తూస్తే సెరంగూన్ రోడ్డు ఆడవాళ్ళు దానయ్యని బతకనిచ్చేవాళ్ళా? సరే, త్రాసే తప్పనుకో. ఎర్రపొడి తప్పా? చదునైన చివర తప్పా? నాలుగు వారాల కిందట గ్యాలరీ తీసుకుంది. ఈ ల్యాబ్‌కి ఎప్పుడొచ్చింది కీర్తికా?"

"నైంటీన్ డేస్ తర్వాత."

"ఆ పంతొమ్మిది రోజులూ ఎక్కడ శుభ్రం చేశారు? ఎవరు చేశారు? నీ పదహారు పేజీల్లో ఆ రోజులు లేవు."

కీర్తిక ఇద్దరి మొహాలూ చూసి, తటపటాయించి, "ఆంటీ, ఇంకోటి ఉంది," అంది. "కింద ఎండ్ మీద పాత వార్నిష్ ట్రేస్ ఉంది. నేను రఫ్ నోట్స్‌లో రాశాను. గ్యాలరీ వాళ్ళు సమ్మరీలో వద్దన్నారు. ఇంపార్టెంట్ కాదన్నారు."

"చూపించు."

దీపాలార్పి యూవీ లైటు పట్టింది. నల్లటి చివర మీద వేలిగోరంత మేర పాలిపోయిన నీలిరంగు వెలిగింది. ఆ వెలుగు మధ్యలో సన్నటి నల్లగీతలు, తుడిచినా పూర్తిగా పోనివి. రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన నాలుగు అంకెలు. చివరి అంకె సగమే ఉంది.

"వస్తువు మీద నేరుగా రాయకుండా ముందు వార్నిష్ పూసి, దానిమీద నంబరు వేసేది ఎవరు సాయీ? నేను నీకు నేర్పిన మొదటి ఏడాది పాఠం ఇది."

"మ్యూజియం వాళ్ళు," అన్నాడు సాయిబాబు మెల్లగా.

"భద్రయ్య తాయెత్తుకి మ్యూజియం నంబరెందుకుంటుంది? ఇది ఇరవై ఏళ్ళ కిందట ఆ ఇరాక్ యుద్ధంలో మ్యూజియం అద్దాలు పగలగొట్టి ఎత్తుకొచ్చింది. పైకి తెస్తే జైలు. దీనికో శుభ్రమైన కథ కావాలి. కథ ఉన్న రాయి యూ టీలో వెండిగిన్నెలో ఉంది. మామూలు దొంగ వస్తువు ఎత్తుకెళ్ళి కథ వదిలేస్తాడు. తారాదేవి కథ ఎత్తుకెళ్ళడానికి వస్తువు మార్చింది. కుమారమ్మ గారు ప్రమాణం చేశారంటే, రేపు ఇది బయటపడ్డ రోజున దొంగసొత్తుని తనదని చెప్పిన మనిషి ఆవిడే అవుతారు. ఎనభై ఒక్కేళ్ళకి బోనులో నిలబడాలి."

"నాకు తెలీదక్కా. ఒట్టు. కాగితాలే చూశాను నేను."

అతని మొహం చూస్తే నిజమే చెప్తున్నట్టుంది. కానీ ఆ మొహాన్ని ఆమె ఒకసారి నమ్మి కేసు పోగొట్టుకుంది.

"పన్నెండూ పదికి ఎవరికి మెసేజ్ పెట్టావు?"

"తారాదేవి గారికి. క్లయింటు కదా. లీలక్క ల్యాబ్‌కి వచ్చింది, యజమాని తరఫున రాయి చూస్తానంటోంది అని పెట్టాను."

"ఏమంది?"

సాయిబాబు ఫోన్ తీసి చూపించాడు. ఒక్క నిమిషంలో వచ్చిన జవాబు అది. *థాంక్యూ. అయితే నేను ఆంటీతో కూర్చుంటాను.*

లీలావతి చీటీ, పొడి మడత పర్సులో తోసేసింది. తను ఇక్కడుందంటే కుమారమ్మ ఇంట్లో ఒంటరిగా ఉన్నట్టే. ఆ కబురు మోసినవాడు ఎదురుగానే ఉన్నాడు, కానీ తిట్టడానికి తీరిక లేదు. ఒంటిగంటా ఐదు. ఫోన్ తీసేలోపే అది మోగింది. కుమారమ్మ.

"అమ్మాయ్, సంతకం పెట్టేసేను," అంది. గొంతు గుసగుసగా, మధ్య మధ్య తెగుతూ వస్తోంది.

"పెట్టనన్నారు కదా ఆంటీ."

"నాది కానిదానికి పెట్టనన్నాను. తారాదేవి నా రాయే తెచ్చింది. పొరపాటున మారిపోయింది, ఇదిగో మీదే, క్షమించండి అంది. నేనూరికే నమ్మేనా? సాన మీద రుద్దేను. ఎర్రగా దిగింది. అరిగిన పక్క నా వేలికి తెలిసింది. నాదే. ఇదే మా తాత తెచ్చిన రాయి అని కాగితంలో ఉందని చదివి చెప్పింది. నిజమే కదా. ఆవిడతో వచ్చిన లాయరు ముందే పెట్టేను. ఆయన వెళ్ళిపోయేడు."

లీలావతి కళ్ళు మూసుకుంది. ముసలావిడ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చేత్తో పట్టుకుని, అరగదీసి, ఎర్రరంగు చూసి మరీ నిజమే చెప్పింది. ఆ నిజం కింద, అదే కాగితంలో, ఈ ల్యాబ్‌లోని రాయి ఫోటో అంటించి ఉంటుంది.

"కాగితం రెండో పేజీ చూశారా? ఫోటో ఏదైనా ఉందా?"

"రెండో పేజీ ఆవిడే తిప్పింది. నన్ను అడుగున పెట్టమంది. ఏటమ్మాయ్? తప్పు చేసేనా?"

"మీరు చెయ్యలేదు ఆంటీ. రాయి ఆవిడకి తిరిగిచ్చేశారా?"

"ఎందుకిస్తాను? మళ్ళీ ఫోటోలు తియ్యాలి, ఇవ్వండి అని చెయ్యి చాపింది. అప్పుడొచ్చింది నాకనుమానం. నా రాయి నాకిచ్చి మళ్ళీ నన్నడగడమేటి? దేవుడికి చూపించి తెస్తానని షెల్టర్ గదిలోకొచ్చి లోపలి పిడి బిగించేసేను. కొప్పులో ఉంది."

ఫోన్లో వెనకాల ఇనుము మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వినిపించింది. ఒకసారి. ఆగి, రెండుసార్లు.

"అందాకా ఆంటీ ఆంటీ అంది. ఇప్పుడు పేరెట్టి పిలుస్తాంది. ఎవరో మగోడి గొంతు కూడా ఉంది, ఎప్పుడొచ్చేడో," అంది కుమారమ్మ. "నాకు భయం లేదు. ఇది బాంబులకే పగలదంట కదా. నువ్వు తొందరగా రా, తూకం తగ్గకుండా నీ చేతిలో..."

గీత పోయింది. ఫోన్ మూగబోయింది.

"కీర్తికా, ఈ రాయి లాకర్లో పెట్టు. పోలీసులొచ్చేదాకా గ్యాలరీ మనిషి ఎవరడిగినా ఇవ్వకు. త్రాసు అంకె, ఆ నంబరు రెండూ ఫోటో తీసి నాకు పంపు. పోలీసులకి, తొమ్మిది తొమ్మిది తొమ్మిదికి కొట్టి యూ టీ అడ్రసు చెప్పు." లీలావతి నడుస్తూనే మాట్లాడుతోంది. సాయిబాబు ముందుకెళ్ళి లిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"కారు కిందే ఉంది అక్కా. పాతిక నిమిషాలు," అన్నాడు. ఆమె కాదనలేదు.

లిఫ్టు దిగుతుండగా జయరాం ఫోన్ ఎత్తాడు. లీలావతి నాలుగు ముక్కల్లో చెప్పింది. "మీ అమ్మ షెల్టర్లో లోపలి పిడి బిగించుకుని కూర్చున్నారు. పోలీసులు వచ్చేదాకా ఆ తలుపు ఆగితే చాలు."

"ఆగదు మేడమ్," అన్నాడు. "లోపలి పిడి ఉత్తదే. తిరుగుతుంది గానీ పట్టదు. మతిమరుపుతో లోపల బిగించుకుని ఇరుక్కుపోతుందేమోనని పోయిన నెల దాని గడియ నేనే తీయించేశాను. బయట రెండు పిడులూ ఒకేసారి తిప్పితే వచ్చేస్తుంది. అమ్మకి చెప్పలేదు."

"ఇంకెవరికి చెప్పారు?"

"తారాదేవి గారు అడిగారు. అమ్మని ఇంట్లో ఒంటరిగా ఎలా వదులుతున్నారు అని. బయటి పిడులు తిప్పి తలుపు నేనే తీసి చూపించాను."